ఎల్, ఐ, తర్వాత సి రావాలి కదరా?

మా ఇంటి కంప్యూటర్లోకి లైనక్స్ (విండోస్ లాగే కంప్యూటర్ని నడిపే వ్యవస్థ) ఎక్కిన రోజే నాన్న పాలసీదార్ల లిస్టు మొత్తం ఎగిరిపోయింది. ఆ రెండూ ఒకే రోజు ఎందుకు జరిగాయో చెప్పాలంటే ముందు ఆ సీడీ నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి.

2000 చివర్లో సంగతి. మాది తెనాలి. నేను గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ రెండో ఏడాది, రోజూ ప్యాసింజర్లో వెళ్ళి రావడం. నాన్న ఎల్ఐసీ ఏజెంటు. ఆ వేసవిలోనే విజయవాడలో అసెంబుల్ చేయించి కంప్యూటర్ కొన్నారు, సెలెరాన్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, 10 జీబీ హార్డ్ డిస్క్. 32 వేలు అయింది, అందులో సగం అప్పు. అందుకే దానికి అమ్మ పాత చీరతో కుట్టిన కవరు, రాత్రి తొమ్మిది దాటితే ముట్టుకోకూడదని రూలు, పక్కింటి పిల్లలు వస్తే దూరం నుంచే దర్శనం. అంత డబ్బు పోసి కొన్నాక ఏదో ఒక పనికి రావాలి కదా, నాన్న పాలసీదార్ల పేర్లు, పాలసీ నంబర్లు, ఎవరి ప్రీమియం ఎప్పుడు కట్టాలో ఆ తేదీలు అన్నీ ఎక్సెల్లో ఎక్కిద్దామని నేనే మొదలుపెట్టాను. నాన్న పక్కన కుర్చీ వేసుకుని చదువుతుంటే నేను రెండు వేళ్ళతో కొట్టేవాణ్ణి. మూడు ఆదివారాలు పట్టింది.

లైనక్స్ అన్న మాట నేను మొదట చదివింది పీసీక్వెస్ట్ పత్రికలో. వాళ్ళు ఏడాదికోసారి పత్రికతో పాటు లైనక్స్ సీడీ ఇచ్చేవాళ్ళు. అతుల్ చిట్నిస్ దాని గురించి రాసే వ్యాసాలు సగం అర్థమయ్యేవి, సగం అర్థం కాకుండానే ఊపు తెప్పించేవి. ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు 1991 ఆగస్టులో ఇదేదో సరదాకి రాస్తున్నానని చెప్పి మొదలుపెట్టడం, దానికి రిచర్డ్ స్టాల్‌మన్ వాళ్ళు 1983 నుంచీ కట్టుకొస్తున్న గ్నూ అనే సాఫ్ట్‌వేర్ సరంజామా తోడవడం, అచ్చం పెద్ద కంప్యూటర్లని నడిపే యూనిక్స్ లాంటిది ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకునేలా తయారవడం, ఇదంతా నాకు పురాణంలా ఉండేది. మాకు కాలేజీ ల్యాబ్‌లో యూనిక్స్ అంటే సిలబస్‌లో ఒక పేపరు, బోర్డు మీద రాసిన నాలుగు కమాండ్లు. నిజంగా ముట్టుకున్నవాళ్ళు లేరు.

పత్రిక కొందామంటే మా ఊళ్ళో దొరికేది కాదు. విజయవాడ రైల్వే స్టేషన్ బుక్ స్టాల్‌కి వెళ్తే పత్రిక ఉంది, లోపల సీడీ లేదు. కవరు చింపి ఎవడో నొక్కేశాడు. నెట్ నుంచి దింపుకోవచ్చు కదా అంటారేమో, అప్పటి డయలప్‌లో అన్నీ కలిసొస్తే సెకనుకి 4 కేబీ వచ్చేది. ఒక సీడీ అంటే 650 ఎంబీ. నేను నోటు పుస్తకం వెనక లెక్కేసి చూశాను, 46 గంటలు. మధ్యలో పెద్దమ్మ ఫోన్ చేయకూడదు, కరెంటు పోకూడదు. ఈ రెండూ తెనాలిలో 46 నిమిషాల పాటు కూడా సాధ్యం కాదు.

చివరికి దొరికింది రైల్లోనే. సంగం జాగర్లమూడిలో ఎక్కే సీనియర్ ఒకాయన ఉండేవాడు, ఫైనలియర్, ఎప్పుడూ ఏదో ఒక లావుపాటి జిరాక్స్ పుస్తకం చదువుతుండేవాడు. ఒక రోజు మాటల్లో లైనక్స్ అన్నాను. ఆయన నా వంక ఓ చూపు చూసి, మర్నాడు ఈనాడు ఆదివారం కాగితంలో చుట్టి ఒక సీడీ తెచ్చాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో రెడ్ హ్యాట్ 6.2 అని రాసుంది, రెడ్ హ్యాట్ కంపెనీ కూర్చిన లైనక్స్ అన్నమాట. సోమవారానికి తిరిగిచ్చేయాలి అన్నాడు. అన్నా, కాపీ చేసుకోవచ్చా, ఎవరైనా పట్టుకుంటారా అని మెల్లగా అడిగాను. ఆయన పగలబడి నవ్వి, పట్టుకోవడమేంట్రా, కాపీ చేసుకుని పదిమందికి పంచమనే కదా లైసెన్సులో రాసింది అన్నాడు. విచిత్రం ఏంటంటే, విండోస్ 98 దగ్గర్నుంచి గేముల దాకా మా దగ్గరున్న సీడీలన్నీ 50 రూపాయల దొంగ సరుకే, స్కెచ్ పెన్ను రాతతో చూడగానే అనుమానం వచ్చే ఈ ఒక్కటే చట్టప్రకారం సరైన కాపీ.

ఆ శనివారం ఇంట్లో ఎవరూ లేని టైం చూసుకున్నాను. నాన్న చేబ్రోలు వైపు ప్రీమియం వసూళ్ళకి వెళ్ళారు, అమ్మ, చెల్లి గుళ్ళో ఉన్నారు. సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జలపాతంలా పడ్డాయి. కీబోర్డు ఏది, మౌసు ఏది, భాష ఏది అని తాపీగా అడుగుతూ వెళ్ళింది. తర్వాత ఎలాంటి ఇన్‌స్టలేషన్ కావాలి అని ఒక పేజీ వచ్చింది. గ్నోమ్ వర్క్‌స్టేషన్, కేడీఈ వర్క్‌స్టేషన్, సర్వర్, కస్టమ్.

నేను సర్వర్ ఎంచుకున్నాను. ఎందుకంటే అన్నిట్లోకీ అదే గొప్పగా వినిపించింది. మిగతావేవో మామూలు మనుషులకి అనుకున్నాను.

వర్క్‌స్టేషన్ ఎంచుకుని ఉంటే డిస్కులో పాత లైనక్స్ భాగాలుంటే వాటిని మాత్రమే చెరిపి విండోస్‌ని దాని మానాన వదిలేసేది. సర్వర్ అంటే డిస్కు మొత్తం నాదే అని, విండోస్, డాక్యుమెంట్లు, నాన్న లిస్టు, చెల్లి పెయింట్‌లో గీసుకున్న ఇంటి బొమ్మలు, అన్నీ ఊడ్చేసి కూర్చుంటుంది. అలా చేస్తానని తెర మీద రాసి మరీ అడిగింది పాపం. నేనే చదవలేదు. అర్థం కాని ప్రతి ప్రశ్నకీ ఓకే కొట్టడం విండోస్ నేర్పిన అలవాటు.

అయిపోయాక రీస్టార్ట్ అయింది. కొత్త రంగుల డెస్క్‌టాప్ ఏదో వస్తుందని కళ్ళు విప్పార్చుకు కూర్చుంటే నల్ల తెర, పైన ఎడమ పక్కన లోకల్‌హోస్ట్ లాగిన్ అన్న ముక్క, దాని పక్కన మెరుస్తూ ఒక గీత. అంతే. సర్వర్ కదా, దానికి బొమ్మలెందుకు! రూట్ అని, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్ పేరు, కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడదు. చుక్కలు లేవు, నక్షత్రాలు లేవు. కీబోర్డు పోయిందనుకున్నాను. వైరు పీకి మళ్ళీ పెట్టాను, తిరగేసి తట్టాను, పక్క గది నుంచి పౌడర్ బ్రష్ తెచ్చి కీల మధ్య దుమ్ము కూడా దులిపాను. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అది కావాలనే ఏమీ చూపించదని, ఎన్ని అక్షరాలున్నాయో కూడా పక్కవాడికి తెలియకూడదనే అలా పెట్టారని తెలియడానికి సోమవారం రైలెక్కాల్సి వచ్చింది.

సాయంత్రం నాన్న వచ్చారు. వచ్చీ రాగానే, వచ్చే వారం ఎవరెవరికి డ్యూ ఉందో చూడరా అన్నారు. నాకు చెమటలు పట్టేశాయి. నీళ్ళు నమిలి, నమిలి, చివరికి చెప్పేశాను. ఆయన ఆ నల్ల తెర వంక కాసేపు చూశారు. నేను దెబ్బలకి సిద్ధంగా ఉన్నాను. ఆయన బీరువా తీసి ఎర్ర అట్ట లెడ్జర్ బయటికి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, డ్యూలు చదువుకోవడం మొదలుపెట్టారు. నువ్వు ఎక్కించావని నేను రాయడం మానేశానా, కరెంటు పోతే ఆ డబ్బాలోంచి ఎవడు తీసిస్తాడు అన్నారు. మూడు ఆదివారాలు నా పక్కన కూర్చుని, చదివి, కొట్టించి, మళ్ళీ రాత్రి లెడ్జర్లో విడిగా రాసుకున్నారన్నమాట. నాకు ఊపిరి వచ్చిన మాట నిజమే కానీ, ఇంతేనా నామీద నమ్మకం అని కాస్త రోషం కూడా వచ్చింది. చెల్లి మాత్రం బొమ్మల గురించి నాలుగు రోజులు మాట్లాడలేదు.

విజయవాడ నుంచి షాపు కుర్రాడు వచ్చి విండోస్ మళ్ళీ ఎక్కించాడు, 200 తీసుకున్నాడు. అక్కడితో బుద్ధి రావాలి. రాలేదు.

ఈసారి జాగ్రత్తగా కస్టమ్ ఎంచుకున్నాను. సి, డి డ్రైవులు రెండూ కలిపి 8 జీబీ దాటి ఉన్నాయి, డిస్కు చివర్లో మిగిలిన కాస్త జాగా లైనక్స్‌కి ఇచ్చాను. ర్యామ్‌కి రెట్టింపు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగా) ఇవ్వాలని సీనియర్ చెప్పాడు, ఇచ్చాను. అదేదో హెచ్చరిక ఇచ్చింది, ఓకే కొట్టాను (చెప్పాను కదా, బుద్ధి రాలేదని). రీస్టార్ట్ అయ్యాక తెర మీద ఎల్ అని పడింది. పక్కన ఐ అని పడింది. ఆగిపోయింది. ఎంతసేపు చూసినా అంతే.

వెనక నుంచి కాఫీ గ్లాసుతో వెళ్తూ నాన్న ఆగి చూశారు. ఎల్, ఐ, తర్వాత సి రావాలి కదరా అన్నారు. ఆ రోజు నవ్వు రాలేదు. ఇప్పటికీ ఏ కంప్యూటర్ బూట్ కాకపోయినా మా ఇంట్లో అదే మాట.

అది లిలో అనే బూట్ లోడర్. కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కులో లైనక్స్ ఎక్కడుందో వెతికి లేపడం దాని పని. దాని పేరులోని నాలుగక్షరాలూ ఒకేసారి పడవు, ఒక్కో మెట్టు దాటిన కొద్దీ ఒక్కోటి పడుతుంది. కాబట్టి ఎక్కడ ఆగిపోయిందో చూసి రోగం ఏంటో చెప్పొచ్చు, డాక్టరు నాడి పట్టినట్టు. ఎల్, ఐ దగ్గర ఆగిందంటే రెండో మెట్టు ప్రోగ్రామ్‌ని తెచ్చుకోగలిగింది గానీ నడపలేకపోయింది. డిస్కు కొలతలు బయాస్‌కి (ఆన్ కాగానే కంప్యూటర్ని మేల్కొలిపే లోపలి ప్రోగ్రామ్) ఒకలా, లైనక్స్‌కి ఇంకోలా కనబడితే అలా అవుతుందట. దానికి తోడు ఆ కాలపు బయాస్‌తో ఇంకో చిక్కు, డిస్కులో మొదటి 1024 సిలిండర్లు (డిస్కుని విభజించే వలయాలు) దాటి, అంటే మా డిస్కు లెక్కలో దాదాపు 8.4 జీబీ దాటి ఉన్నదేదీ బూట్ చేసేటప్పుడు అందేది కాదు. నేను లైనక్స్‌ని తీసుకెళ్ళి సరిగ్గా దాని అవతల కూర్చోబెట్టాను. డిస్కు మొదట్లోనే 16 ఎంబీతో బూట్ కోసం ఒక చిన్న భాగం కోసి పెట్టుకుంటే ఈ గోలే ఉండదని తర్వాత తెలిసింది. కానీ దానికోసం మళ్ళీ డిస్కంతా చెరిపే ధైర్యం నాకూ లేదు, నాన్నకి ఆ మాట చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

దాన్నుంచి బయటపడేసింది ఒక ఫ్లాపీ. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు బూట్ డిస్క్ చేసుకుంటావా అని అడిగితే అదృష్టం బాగుండి అక్కడ కూడా ఓకే కొట్టాను. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీతో లేపి, ఎఫ్‌డిస్క్ పక్కన ఎంబీఆర్ అని ఒక ముక్క కొడితే లిలో చెరిగిపోయి విండోస్ మామూలుగా వచ్చేసింది. లైనక్స్ కావాలంటే నా ఫ్లాపీ పెట్టి ఆన్ చేయాలి, అది గరగరా అరుస్తూ లైనక్స్ గుండెకాయ లాంటి కర్నెల్‌ని తనే మోసుకొచ్చి లేపేది. ఫ్లాపీ లేకపోతే ఇంట్లో ఎవరికీ లైనక్స్ ఉన్నట్టే తెలియదు. ఏడాదిన్నర అలాగే నడిపాను. ఆ ఫ్లాపీని స్కూటర్ తాళంలా జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి. ఫ్లాపీల సంగతి తెలుసు కదా, చెమ్మ తగిలితే చాలు, బూజు. అందుకని నాలుగు కాపీలు చేసి ఒకటి బియ్యం డబ్బా మీద కూడా దాచాను.

మొత్తానికి లోపలికి వెళ్ళాక ఇంకో ప్రపంచం. మానిటర్ ఫ్రీక్వెన్సీలు ఎన్ని కిలోహెర్ట్జ్, ఎన్ని హెర్ట్జ్ అని అడిగేది. తప్పు చెప్తే మానిటర్ కాలిపోవచ్చని ఎక్కడో చదివి, అట్టపెట్టె అడుగున ఉన్న బుక్‌లెట్ వెతికి, అంకెలు మూడుసార్లు సరిచూసుకుని కొట్టాను. గ్రాఫిక్స్ వచ్చేసరికి రెండు వారాలు. మోడెం అయితే రానే రాలేదు. మాది లోపల బిగించే చౌక మోడెం, విన్‌మోడెం అనేవాళ్ళు. అది సగం మోడెమే. మిగతా సగం పని విండోస్ డ్రైవరు చేసిపెట్టేది. దాంతో లైనక్స్‌లో ఏదైనా చెడితే, ఆపేసి, విండోస్‌లోకి వచ్చి, డయలప్ కలిపి, దానికి మందేంటో వెతికి, నోటు పుస్తకంలో రాసుకుని, ఫ్లాపీ పెట్టి మళ్ళీ లైనక్స్‌లోకి వెళ్ళి ఆ రాసుకున్నది కొట్టాలి. ఒక అక్షరం తప్పు రాసుకుంటే మళ్ళీ మొదటికి. నా దస్తూరి బాగుపడింది ఆ రోజుల్లోనే.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆ సీనియర్ నన్ను క్షమించడు. ఆయన సీడీ సోమవారానికి ఇచ్చేయాలి కదా. ఆ రెండోసారి కూడా ఆయన దగ్గరే మళ్ళీ అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం రాత్రి తీద్దామని డ్రైవు బటన్ నొక్కితే ట్రే రాదు. పది సార్లు నొక్కాను. లైనక్స్‌లో సీడీని మౌంట్ చేస్తే, అంటే వాడకానికి తగిలిస్తే, మళ్ళీ అన్‌మౌంట్ చేసేదాకా అది తలుపు తీయదు. ఆ మాట తెలుసుకుని, అన్‌మౌంట్ అని కొట్టాను. అలాంటి కమాండ్ లేదు పొమ్మంది. అరగంట తిప్పలు పడ్డాక తేలిందేంటంటే, ఆ కమాండ్‌లో మొదటి ఎన్ ఉండదు, యూమౌంట్ అని కొట్టాలి. ఎందుకు మింగేశారో ఆ ఒక్క అక్షరాన్ని! సరే అని యూమౌంట్ కొడితే డివైస్ బిజీ అంది. ఎవరు వాడుతున్నారయ్యా అంటే నేనే, సీడీ ఫోల్డర్ లోపలే నిలబడి బయటికి తాళం వేయమంటున్నాను. అది తెలిసేలోపు ఓపిక నశించి, కంప్యూటర్ ఆపేసి, చెల్లి జడపిన్ను వంచి ఆ చిన్న రంధ్రంలో పొడిచి సీడీ లాగాను. పొద్దున రైల్లో ఆయన సీడీని వెలుతురులో తిప్పి చూసి, ఈ గీత ఏంట్రా అన్నాడు.

తెలుగు సంగతి అప్పటికి ఊసే లేదు. కొన్నేళ్ళ తర్వాత, 2006లో, హైదరాబాద్‌లో ఉద్యోగం, అమీర్‌పేట గదిలో నలుగురం. ఆ రోజుల్లో ఉబుంటు అనే ఇంకో రకం లైనక్స్ వాళ్ళు అడిగితే చాలు సీడీలు ఊరికే పోస్టులో పంపేవాళ్ళు, షిప్‌ఇట్ అని. పోస్టు ఖర్చు కూడా వాళ్ళదే. ఆ డబ్బు మార్క్ షటిల్‌వర్త్ అనే ఆయనది, దక్షిణాఫ్రికా ఆయన, 2002లో అంతరిక్షానికి కూడా వెళ్ళొచ్చాడు. నేను అలవాటు కొద్దీ తెనాలి అడ్రసు ఇచ్చి, పది సీడీలు కావాలని రాశాను. నిజంగానే వచ్చాయి. విదేశీ స్టాంపులున్న అట్ట ప్యాకెట్ చూసి, మీవాడు ఫారిన్ వెళ్ళాడా అని పోస్ట్‌మ్యాన్ అడిగితే అమ్మ కాదనకుండా ఊరుకుందట.

అందులో ఉన్నది ఉబుంటు 6.06 వెర్షన్. లైవ్ సీడీ, అంటే డిస్కుని ముట్టుకోకుండా ముందు సీడీ మీదే నడిపి చూసుకోవచ్చు, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. అది మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం కంటే కడుపుమంట ఎక్కువ వేసింది, ఆరేళ్ళ ముందు ఇది ఉంటే చెల్లి బొమ్మలు మిగిలేవి. పోతన అనే తెలుగు ఫాంటు తెచ్చి పెట్టాక ఒక తెలుగు పేజీ తెరిచాను. అంతకుముందు ఒకసారి వేరే రకం లైనక్స్‌లో చూస్తే క్ష అనేది క, ఓ విడి గుర్తు, ష అని మూడు ముక్కలై పడింది, వత్తులన్నీ పక్కన వరసగా నిలబడ్డాయి, సంతలో తప్పిపోయిన పిల్లల్లా. ఈసారి ప్రతి వత్తూ తన అక్షరం కింద బుద్ధిగా కూర్చుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు మెనూలు, బటన్లతో సహా అంతా తెలుగులో తేవడానికి ఇంజనీరింగ్ కుర్రాళ్ళని పోగేసి పనిచేస్తున్నారని విని ఒకటి రెండుసార్లు నేనూ వెళ్ళాను. ఫైల్‌కి దస్త్రం అనాలా ఫైలు అనాలా అని జరిగిన వాదన నేను వెళ్ళేటప్పటికి మొదలై, వచ్చేటప్పటికి ఇంకా నడుస్తోంది. నేను ఫైలు పక్షం.

పదింటిలో నాలుగు పంచాను. మిగతావి ఇంట్లోనే ఉండిపోయాయి. తర్వాత వెళ్ళినప్పుడు చూస్తే పెరట్లో సపోటా చెట్టుకి దారాలు కట్టి వేలాడుతున్నాయి. ఎండకి తళతళలాడితే చిలకలు రావట్లేదట. ఇంకో పది తెప్పించమన్నారు నాన్న. 2011లో ఆ ఉచిత సీడీల పంపకం ఆపేశారని చెప్తే, మన వల్లేనేమో అన్నారు.

పోయిన వేసవిలో నాన్న పాత ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందంటే మింట్ అనే లైనక్స్ ఎక్కిద్దామని కూర్చున్నాను. పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు. వైఫై దానంతటదే కలిసింది, భాషల్లో తెలుగు ఉంది, మానిటర్ కాలిపోతుందన్న భయం లేదు. అన్నీ అయ్యాక చివర్లో ఆ పేజీ వచ్చింది. పాతదాని పక్కనే ఎక్కించాలా, లేక డిస్కు మొత్తం చెరిపేసి ఎక్కించాలా?

మౌసు మీద చెయ్యి ఆగిపోయింది. నాన్నా, ఇందులో మీవేమైనా ఉన్నాయా అని అరిచాను. ఆయన ఏజెన్సీ మానేసి ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు ఉండేవల్లా మనవరాలి ఫొటోలు, ప్రవచనాల వీడియోలు, పెన్షన్ కాగితాలు.

వరండాలోంచి గొంతు వినిపించింది. కావాల్సినవన్నీ లెడ్జర్లో ఉన్నాయిలే, కానివ్వు.

ఫొటోలు లెడ్జర్లో ఎలా ఉంటాయి నాన్నా అని గొణుక్కుంటూ, మొత్తం ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని నా ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరుచుకుంటోందో లేదో రెండుసార్లు చూసుకుని, అప్పుడు నొక్కాను.